ఎన్నికల సంఘం గణాంక నివేదికలు: ప్రజాసమితి లెక్క తీయడానికి ఎంతవరకు అక్కరకొస్తాయి?

ప్రత్యేక తెలంగాణ కోరిన ఉద్యమ పార్టీ తెలంగాణ ప్రజాసమితి 1971లో వరంగల్ లోక్‌సభ సీటు ఎట్లా గెలిచింది, ఆ తర్వాత ఏమైపోయింది అని ఆరా తీసేవాళ్లు ముందుగా తెరవాల్సినవి కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోని గణాంక నివేదికలు. రూపాయి ఖర్చు లేదు, అంకెల్లో ఇంతకు మించిన ఆధారమూ లేదు. కానీ ఉద్యమ పార్టీ చరిత్రలో సగం ఉప ఎన్నికల్లోనే నడుస్తుంది. ఆ సగం ఈ నివేదికల్లో కనబడదు.

1971 లోక్‌సభ నివేదిక రెండు సంపుటాలు. మొదటిదాంట్లో రాష్ట్రాల వారీ సారాంశం, అభ్యర్థుల వారీ ఫలితాలు. రెండోదాంట్లో ఒక్కో నియోజకవర్గం ఓటర్లు, పోలైన ఓట్లు, చెల్లని ఓట్లు. ముందు మొదటి సంపుటంలో పార్టీల పొట్టి పేర్ల పట్టిక చూసి టీపీఎస్‌ను గుర్తుపెట్టుకోవాలి, తర్వాతే ఆంధ్రప్రదేశ్ పేజీలకు వెళ్లాలి. మొత్తం 41 సీట్లలో కాంగ్రెస్‌కు 28, ప్రజాసమితికి 10, సీపీఐకి, సీపీఎంకు, స్వతంత్రులకు ఒక్కొక్కటి. వరంగల్‌లో ఎస్.బి.గిరి, కరీంనగర్‌లో ఎం.సత్యనారాయణరావు ప్రజాసమితి తరఫున గెలిచారు.

చాలామంది బోల్తా పడేది ఓట్ల శాతం దగ్గర. రాష్ట్రం మొత్తం మీద ప్రజాసమితికి వచ్చింది 14 శాతం చిల్లర. అది చూసి ‘ఇంతేనా’ అనుకుంటే తప్పు. ఆ పార్టీ నిలబడ్డది తెలంగాణలోనే, ఇక్కడున్నవి 14 సీట్లే. భాగించింది మాత్రం కోస్తా, రాయలసీమ ఓట్లు కూడా కలిపి. కాబట్టి రాష్ట్ర శాతాన్ని పక్కనపెట్టి, పోటీ చేసిన సీట్లలో వచ్చిన ఓట్ల శాతం చూడాలి. పోరు ఎంత గట్టిగా సాగిందో అక్కడ తెలుస్తుంది.

1972 అసెంబ్లీ నివేదిక తెరిస్తే ప్రజాసమితి మాయం. ఓడిపోయి కాదు. 1971 సెప్టెంబరులో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అదే నెలాఖరున బ్రహ్మానందరెడ్డి స్థానంలో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. విలీనాన్ని చెప్పే గడి ఏ పట్టికలోనూ ఉండదు. 1972లో ఒక్క సీటు గెలిచిన సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి వేరే పార్టీ. పేరు దగ్గరగా ఉందని రెండింటినీ ఒకే వరుసలో వేస్తే, పది సీట్ల పార్టీ ఒక్క ఏడాదిలో ఒక సీటుకు కూలిందన్న అబద్ధపు లెక్క తయారవుతుంది.

తర్వాతి ఉద్యమ పార్టీ టీఆర్ఎస్ విషయంలో నివేదికల లోటు ఇంకా పెద్దది. సాధారణ ఎన్నికల నివేదికలు మాత్రమే చూస్తే 2004లో 26 అసెంబ్లీ సీట్లు, 2009లో 10, ఇక పార్టీ పని అయిపోయినట్టే. మొదటిసారి పొత్తు కాంగ్రెస్‌తో, రెండోసారి టీడీపీతో. ఎన్ని సీట్లు దక్కాయో చూసేముందు పొత్తులో ఎన్ని వదిలారో చూడాలి. మధ్యలో ఏం జరిగిందన్నది మరీ ముఖ్యం. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో కేసీఆర్ ఆధిక్యం రెండు లక్షలు దాటింది. 2008లో రాజీనామాలు చేసి మళ్లీ జనం ముందుకు పోతే 16 అసెంబ్లీ స్థానాల్లో 7 మాత్రమే నిలిచాయి. 2010లో మళ్లీ ఉప ఎన్నికలు: 12 స్థానాల్లో 11 టీఆర్ఎస్‌వి, అందులో వరంగల్ పశ్చిమం కూడా ఉంది. ఈ ఎగుడుదిగుళ్లు చూడకుండా 2014లో 63 సీట్లు ఎట్లా వచ్చాయో ఎవరికీ అంతుపట్టదు. ఉప ఎన్నికల ఫలితాలు విడిగా ఏరుకొచ్చి ఏడాది వారీగా మధ్యలో చేర్చుకోక తప్పదు.

2014 లెక్కకు ఇంకో తిరకాసు. పోలింగ్ ఏప్రిల్ 30న, రాష్ట్రం వచ్చింది జూన్ 2న. అందుకే తెలంగాణ ఫలితాలు ఆంధ్రప్రదేశ్ నివేదికలో, 294 సీట్ల మధ్య ఉంటాయి. తెలంగాణలోని 119 సీట్ల శాతం కావాలంటే సొంతంగా కూడుకోవాలి. 2023 నుంచి టీఆర్ఎస్‌ను బీఆర్ఎస్ పేరుతో వెతకాలి.

నియోజకవర్గాల పేర్ల దగ్గర జర పైలం. 1971 వరంగల్, ఇప్పటి ఎస్సీ రిజర్వుడు వరంగల్ ఒకే ప్రాంతం కావు. హన్మకొండ లోక్‌సభ స్థానం 1977లో వచ్చి 2009 నాటికి పోయింది. అసెంబ్లీలో హన్మకొండ, శాయంపేట, చేర్యాల కూడా 2009లో లేవు. మండలాల జాబితా పక్కన పెట్టుకోకుండా పాత ఆధిక్యాన్ని కొత్తదానితో పోల్చకూడదు.

ఊరి స్థాయి లెక్కకు ఈ నివేదికలు పనికిరావు, పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లు చూపే ఫారం 20 కావాలి. కొత్త ఎన్నికలవి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటాయి. అందులో పోలింగ్ కేంద్రం నంబరే తప్ప ఊరి పేరు ఉండదు, కాబట్టి అదే ఎన్నికనాటి పోలింగ్ కేంద్రాల జాబితా కూడా దించుకోవాలి. ఎన్నికకూ ఎన్నికకూ నంబర్లు మారతాయి. చాలా పేజీలు స్కాన్ చేసిన బొమ్మలు. వెతుకుడు పనిచేయదు, ఒక్కో వరుసా చేత్తో ఎక్కించుకోవాలి. ఎక్కించాక చివరి మొత్తంతో సరిచూసుకోండి, పోస్టల్ ఓట్లు కింద వేరే వరుసలో ఉంటాయి.