టార్ బ్రౌజర్: సెట్టింగులు ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది

ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే చాలు, ఎవరికీ కనపడం అనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. అది చెరిపేది మన కంప్యూటర్‌లో మిగిలే హిస్టరీని, కుకీలనే. నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబరు, అంటే ఐపీ అడ్రస్, సైటుకు ఎప్పటిలాగే వెళ్తుంది. మన ట్రాఫిక్‌ను మరో కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ పెడితే నెట్ ఇచ్చే కంపెనీ కళ్లు కప్పొచ్చు గానీ, మన చిట్టా మొత్తం వీపీఎన్ వాళ్ల చేతికి వెళ్తుంది. ఉచితంగా దొరికేవాటిలో ఈ రెండు లోపాలనూ పట్టించుకున్నది టార్ బ్రౌజర్.

ఫైర్‌ఫాక్స్ మీద కట్టిన ఈ బ్రౌజర్ ట్రాఫిక్‌ను మూడు రిలేల (మధ్యలో ట్రాఫిక్‌ను అందుకుని ముందుకు పంపే సర్వర్ల) మీదుగా పంపుతుంది. మొదటి రిలేకి మీ ఐపీ తెలుసు, మీరు వెళ్లే సైటు తెలియదు. చివరిదానికి సైటు తెలుసు, మీ ఐపీ తెలియదు. అడ్రస్ బార్ ఎడమవైపు గుర్తు నొక్కితే మూడూ ఏ దేశాల్లో ఉన్నాయో కనిపిస్తాయి. ఎన్నిసార్లు కొత్త సర్క్యూట్ (ఆ మూడు రిలేల దారి) అడిగినా మొదటి రిలే మారడం లేదని కంగారు పడకండి. దాన్ని గార్డ్ అంటారు, కావాలనే చాలాకాలం అదే ఉంచుతారు. మాటిమాటికీ మారిస్తే నిఘా పెట్టినవాళ్ల రిలే ఎప్పుడో ఒకప్పుడు తగిలే ప్రమాదం పెరుగుతుంది.

అసలు గొప్పతనం మాత్రం ఐపీ దాచడంలో కంటే ఫింగర్‌ప్రింటింగ్‌ను, అంటే విండో సైజు, టైమ్ జోన్ లాంటి వివరాలు కలిపి మనల్ని గుర్తుపట్టడాన్ని, అడ్డుకోవడంలోనే ఉంది. విండో సైజు మార్చి చూడండి, పేజీ చుట్టూ ఖాళీ అంచులు వస్తాయి. పేజీ వెడల్పును 200 పిక్సెళ్ల, ఎత్తును 100 పిక్సెళ్ల లెక్కన సవరించడం వల్ల వచ్చేవి అవి. సైట్లకు కనపడే టైమ్ జోన్ అందరికీ యూటీసీయే (ప్రపంచ ప్రామాణిక సమయం). బడిపిల్లల యూనిఫాంలా, ఒకరిని చూసి ఇంకొకరితో తేడా పట్టలేకుండా చేయడమే ఉద్దేశం. అందుకే ఇందులో యాడ్ బ్లాకర్ గానీ ఇంకే ఎక్స్‌టెన్షన్ గానీ వేయకూడదు. వేసిన మరుక్షణం గుంపులోంచి విడిగా కనపడతారు.

మార్చదగ్గది ఒక్కటే, షీల్డ్ గుర్తు దగ్గరి సెక్యూరిటీ లెవెల్. "సేఫర్"లో హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్షన్) లేని సైట్లలో జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్) ఆగిపోతుంది, వీడియోలు నొక్కితేనే ఆడతాయి. "సేఫెస్ట్"లో జావాస్క్రిప్ట్ ఎక్కడా నడవదు, సగం సైట్లు విరిగిపోతాయి. రోజువారీ చదువుకు సేఫర్ చాలు. లెవెల్ మార్చాక బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి.

ఇబ్బందులు లేకపోలేదు. వేగం తక్కువ, క్యాప్చాలు విసిగిస్తాయి, కొన్ని సైట్లు ఎగ్జిట్ రిలేల (చివరి రిలేల) ఐపీలను పూర్తిగా అడ్డుకుంటాయి. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే ఆ సైటుకు కొత్త సర్క్యూట్ వస్తుంది. చాలాసార్లు పని అయిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, యు అయితే ట్యాబులన్నీ మూసి కొత్త గుర్తింపుతో మొదలుపెడుతుంది, కాబట్టి సగం నింపిన ఫారం ఉంటే జాగ్రత్త. అసలు కనెక్టే కాకపోతే ముందు కంప్యూటర్ గడియారం చూడండి, టైమ్ తప్పుగా ఉంటే టార్ మొండికేస్తుంది. టార్‌ను బ్లాక్ చేసిన నెట్‌వర్క్ అయితే సెట్టింగుల్లో కనెక్షన్ కింద బ్రిడ్జ్ (బహిరంగ జాబితాలో లేని రిలే) ఎంచుకోవాలి. బ్రిడ్జ్ రకాల్లో ముందు ఓబీఎఫ్ఎస్4, అదీ కుదరకపోతే స్నోఫ్లేక్.

ఇంతా చేసి సొంత జీమెయిల్‌లో లాగిన్ అయితే మీరెవరో మీరే చెప్పేసినట్టు. దించుకున్న పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లను నెట్ ఆన్‌లో ఉండగా తెరవకండి. ఆ ఫైలు లోపలి లింకు టార్‌ను దాటి నేరుగా బయటికి వెళ్లి అసలు ఐపీ బయటపెట్టగలదు. టొరెంట్ల జోలికి అసలు పోవద్దు. హెచ్‌టీటీపీ పేజీలో పాస్‌వర్డ్ కొడితే చివరి రిలే నడిపేవాళ్లు చదవగలరు.

ఆండ్రాయిడ్‌లో టార్ ప్రాజెక్ట్ వాళ్ల అసలు యాప్ ఉంది, బాగుంది. ఐఫోన్‌లో వాళ్ల సొంత బ్రౌజర్ లేదు. అక్కడ వాళ్లు సూచించేది ఆనియన్ బ్రౌజర్. ఆపిల్ బ్రౌజర్ ఇంజిన్ వెబ్‌కిట్ మీద నడవాల్సి రావడంతో డెస్క్‌టాప్‌లో ఉన్నంత రక్షణ అందులో దొరకదు.