బీటిల్ ముందు అద్దం కిట్ కొంటున్నారా? రబ్బరులో గాడి చూడకుండా బిగించనివ్వకండి

పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ముందు అద్దం, దాని చుట్టూ తొడిగే రబ్బరు, ఆ రబ్బరు మీద అందానికి పెట్టే మెరిసే పట్టీ మూడూ కలిపి "ఏ ఏడాది మోడల్‌కైనా సరిపోతుంది" అని అమ్మే కిట్ కనిపిస్తే దయచేసి ఆగండి. నేను ఆగలేదు. నా 1967 బండికి అద్దం రెండుసార్లు, రబ్బరు రెండుసార్లు కొనాల్సి వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచండి, కారుతో పాటు వచ్చిన అసలు అల్యూమినియం పట్టీలు పోయాయి. అదే ఎక్కువ బాధ.

ఆ ఒక్క మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. 1965 మోడల్ నుంచి బీటిల్ అద్దాలు పెద్దవయ్యాయి, ముందు అద్దానికి కొద్దిగా వంపు వచ్చింది. 1973 మోడల్ సూపర్ బీటిల్ 1303కైతే బాగా వంపు తిరిగిన అద్దం. ఇన్నిటికీ ఒకే కిట్ ఎలా సరిపోతుంది?

నాకు వచ్చిన అద్దం కొలత సరిగ్గానే ఉంది. తప్పు రబ్బరులో ఉంది. ఈ కారుకు రబ్బరు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదానికి బయటి వైపు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, పట్టీ అంచు అందులో దిగి కూర్చుంటుంది. రెండోది నున్నగా ఉంటుంది, అది పట్టీ పెట్టుకోనివాళ్ళ కోసం. నాకు పంపింది నున్నటి రబ్బరు. పట్టీ కూడా లోహం కాదు, పైన మెరుపు పూసిన ప్లాస్టిక్. కోసిన చివర చూస్తే లోపలి తెలుపు కనిపిస్తుంది. నేను పెట్టె తెరిచి అద్దం పగల్లేదని చూసుకుని, మిగతావి అలాగే షెడ్డుకు పంపేశాను. ఇది నా తప్పే.

షెడ్డువాళ్ళకు మాత్రం తేడా తెలిసి ఉండాలి. ఒక్క ఫోన్ చేసుంటే వెనక్కి పంపేవాణ్ణి. వాళ్ళు పట్టీని సిలికాన్‌తో రబ్బరు మీద అతికించేశారు. రెండు గంటల్లో బండి ఇచ్చేశారు, చూడ్డానికి బాగుంది. మొదటి వానకే డాష్‌బోర్డు కింద తడి. నాలుగో రోజు పొద్దున కింది ఎడమ మూల నుంచి జానెడు పగులు. రాయి తగల్లేదు, కారు కదల్లేదు కూడా.

వేరే మనిషి దగ్గర విప్పించినప్పుడు సంగతి బయటపడింది. అద్దం కూర్చునే రేకు అంచు మీద తుప్పు పొరలు పొరలుగా ఉంటే, గోకకుండా పైన నల్ల రంగు కొట్టారు. ఆ మూలలో తుప్పు ఉబ్బెత్తుగా ఉంది. ముందు అద్దం రెండు పలచటి గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. పగిలినా ముక్కలు రాలవు గానీ, అంచు దగ్గర ఒక్కచోట ఒత్తిడి పడితే మాత్రం తట్టుకోదు. పగులు అక్కడే మొదలై లోపలికి పాకుతుంది.

ఇక సిలికాన్ సంగతి. ఆరుతున్నప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం వాడారు. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, వట్టి రేకుకు తగిలితే తుప్పు పెరుగుతుంది. పైగా దాని జిడ్డు మిగిలిన చోట కొత్త పెయింట్ పట్టదు. నా బండిలో అంచంతా శుభ్రం చేయడానికే ఒక రోజు పట్టింది. మీ కారు దగ్గర ఎవరైనా ఆ ట్యూబు తీస్తే, మొహమాటపడకుండా పని ఆపించండి.

సరైన పద్ధతి రెండోసారి కళ్ళారా చూశాను. రేకు అంచును తుప్పు లేకుండా గోకి, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనిచ్చారు. అద్దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ రబ్బరు తొడిగారు. పట్టీని అక్కడే, అద్దం కారుకు ఎక్కకముందే, గాడిలోకి దించారు. ఈ కారుకు పట్టీ తర్వాత పెట్టబోతే అది వంగిపోతుంది, ఒకసారి మడత పడిన అల్యూమినియం మళ్ళీ నునుపుగా రాదు. తర్వాత రబ్బరు లోపలి పెదవిలో చుట్టూ తాడు దూర్చి, కొసలు కింద మధ్యలో ఒకదానిమీద ఒకటి వచ్చేలా వదిలారు. సబ్బు నీళ్ళు రాసి, ఒకరు బయటి నుంచి అరచేత్తో నొక్కుతుంటే ఇంకొకరు లోపలి నుంచి తాడు లాగారు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కింది. పిడికిలితో ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

అమ్మినవాళ్ళు "బిగించిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. అందుకే చెబుతున్నాను, పాత రబ్బరు చిన్న ముక్క కోసి, కొత్తదాని పక్కన పెట్టి, కోత ముఖాలు పోల్చి చూసేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి. పాత పట్టీలు మీరే దగ్గరుండి విప్పించి ఇంటికి తెచ్చుకోండి. నావి స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగించి పాత ఇనుములో పడేశారట. మూడు రోజుల తర్వాత అడిగితే తెలిసింది.

ఆ కిట్ ఇప్పటికీ అమ్మకంలో ఉంది. ఫొటోలో పట్టీ తళతళలాడుతూ పైన ఉంటుంది, రబ్బరు కోత ముఖం ఎక్కడా చూపించరు. ఆ ఫొటో అడగండి. పంపకపోతే కొనకండి.