ఆర్మ కొండకి ఊరి గైడ్: డబ్బు ఎందుకు పెట్టాలంటే

పాడేరు, అరకు మధ్య కొండల్లో ఉండే ఆర్మ కొండకి దారంటూ లేదు. టికెట్ కౌంటర్, మెట్లు, బాణం గుర్తులు ఏవీ ఉండవు. కాఫీ తోటలు దాటాక పశువులు తిరిగిన సన్నటి జాడలు కొంత దూరం కనిపిస్తాయి, ఆ తర్వాత అవి కూడా గడ్డిలో కలిసిపోతాయి. ఎత్తు 1680 మీటర్లు. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం అనగానే మనలో చాలామందికి స్కూల్లో చదివిన మహేంద్రగిరే గుర్తొస్తుంది గానీ, దాని ఎత్తు 1501 మీటర్లే. పాడేరు దగ్గరి వంజంగి కొండకి మబ్బులు చూడ్డానికి జనం తెల్లవారుజామునే ఎగబడుతున్నారు, ఈ కొండవైపు వచ్చేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ఈ రివ్యూ కొండ కింది ఊళ్లో దొరికే గైడ్ సేవ గురించి. దానికి బోర్డు లేదు, ఆన్‌లైన్ బుకింగ్ లేదు. ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లని అడిగితే కొండ తెలిసిన మనిషిని పిలిపిస్తారు, రోజు కూలి లెక్కన మాట్లాడుకోవాలి. మాకు తోడొచ్చినాయన పశువులు కాసుకుంటూ, కొండ చీపుళ్లు కోసుకుంటూ ఆ వాలు మీదే పెరిగిన మనిషి. చేతిలో కత్తి, భుజాన సంచి, కాళ్లకి మామూలు రబ్బరు చెప్పులు. మా బృందంలో అందరివీ ఖరీదైన ట్రెక్కింగ్ షూలే. "ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా, మనిషికి డబ్బులెందుకు దండగ?" అని బయల్దేరే ముందు ఒకరు గట్టిగానే అన్నారు. ఆ ప్రశ్న చాలామందికి వస్తుంది కాబట్టి అక్కణ్నుంచే చెప్తాను.

మ్యాప్ తప్పు చెప్పదు, కానీ సగమే చెప్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాప్ షీటులో, ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతూ గీసే కాంటూర్ గీతల్లో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. అంటే పదిహేను మీటర్ల నిలువు రాతిగోడ ఆ రెండు గీతల మధ్య హాయిగా దాక్కోగలదు. శాటిలైట్ ఫోటోలో పచ్చగా, నున్నగా కనిపించే వాలు దగ్గరికెళ్తే తల మునిగే గడ్డి. పైగా కాలం మారితే వాలూ మారుతుంది, వానలకి కోసుకుపోయిన చోట, పోడు వేసి వదిలేసిన చోట మళ్లీ ముళ్లపొదలు లేస్తాయి. ఇవేవీ ఫోన్‌కి తెలియవు. ఆ ఊరి మనిషికి మాత్రం పోయిన వారం పశువులు ఎటు వెళ్లాయో కూడా తెలుసు.

కాఫీ తోటలు దాటాక ఆయన పని మొదలైంది. గడ్డిలో కాలు ఎక్కడ పెట్టాలో మాకు నేర్పించాడు. గడ్డి దుబ్బు మీద తొక్కితే జారుతుంది, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య చూడకుండా పెడితే కింద గుంట ఉండొచ్చు, దుబ్బు మొదట్లో పైవైపున పాదం ఆనిస్తే అది మెట్టులా ఆపుతుంది. ముందు కర్రతో గడ్డిని రెండు పక్కలకీ విడదీస్తాడు, నేల చూస్తాడు, అప్పుడే అడుగు. పాములకీ అదే హెచ్చరిక. రాయి కనపడితే చేత్తో పట్టుకోబోయే ముందు కాలితో తట్టి చూడమన్నాడు, ఎందుకంటే అక్కడి ఖొండలైట్ రాయి పైకి గట్టిగా ఉన్నట్టే ఉండి, లోపల ఎర్రమట్టిగా మారిపోయి ఉంటుంది, బరువు ఆనిస్తే పెళ్లలుగా ఊడొస్తుంది. ఒకచోట నేను పట్టుకుందామనుకున్న రాయి ఆయన కాలు తగలగానే కదిలి, కింద ఎక్కడో చెట్లలో చప్పుడు చేసుకుంటూ పోయింది.

అన్నిటికన్నా విలువైంది ఆయన దారి ఎంచుకున్న పద్ధతి. మధ్యలో ఒక గెడ్డ (కొండవాగు) కనిపించింది, నీళ్లు తక్కువగా ఉండి, రాళ్లు పేర్చినట్టు నేరుగా పైకే వెళ్తున్నట్టు ఉంది. మేం అటు తిరిగేసరికి, "అటెల్లకండి బాబూ. గెడ్డ ఎక్కనిస్తాది, పైకెల్లాక వదల్దు" అన్నాడు. తర్వాత పై నుంచి చూపించాడు, అదే గెడ్డ సగం ఎత్తులో నిలువు బండ దగ్గర ఆగిపోయింది, రెండు పక్కలా పట్టుకోడానికి ఏమీ లేదు. ఆయన మమ్మల్ని రెండు వాలులు కలిసే మిట్ట వెన్ను మీదుగానే తీసుకెళ్లాడు. వెన్ను మీద ఎండా గాలీ ఎక్కువే, చుట్టు తిరిగినట్టే ఉంటుంది, కానీ ఎక్కడున్నామో కనిపిస్తూ ఉంటుంది, మంచు కమ్మినా రెండు వైపులా వాలు ఎటు దిగుతోందో కాళ్లకి తెలుస్తుంది. దారి లేని కొండ ఎక్కేవాళ్లకి ఈ ఒక్క సంగతి తెలిసినా సగం టెన్షన్ తగ్గుతుంది.

టైమ్ లెక్క గురించి కూడా చెప్పాలి. 1892లో విలియం నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, ఐదు కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట అని. మంచి బాటల మీద అది పనికొస్తుంది. ఇక్కడ గడ్డి కోసుకుంటూ, కాలు వెతుక్కుంటూ వెళ్లాలి, ఆ లెక్క నమ్ముకుని మధ్యాహ్నం బయల్దేరితే దిగేసరికి చీకటి పడుతుంది. మా గైడ్ తెల్లవారకముందే లేపాడు. చోడి (రాగి) అంబలి తాగించి మరీ నడిపించాడు, అది మధ్యాహ్నం దాకా నిలబెట్టింది.

లోపాలు లేకపోలేదు. బయల్దేరే ముందు ఎంతసేపు పడుతుంది, ఎక్కడ ఆగుతాం, ఎవరికైనా కాలు మడత పడితే ఏం చేస్తాం అనే మాటలే రాలేదు. ఫస్ట్ ఎయిడ్ అంటూ ఏమీ ఉండదు, అది మనమే పట్టుకెళ్లాలి. ఆయన నడక వేగం మనది కాదు, ఆగమని అడగడానికి మొహమాటపడితే వెనకబడతాం, గడ్డిలో వెనకబడటమంటే మనిషి కనపడకపోవడమే. దిగేటప్పుడు ఇంకా ఇబ్బంది, మోకాళ్ల మీద పడే భారం గురించి ఆయనకి పట్టింపు లేదు. అందరికన్నా వెనక నడవడానికి కూడా ఒకరిని ఊరి నుంచే పెట్టుకుంటే ఈ సమస్య పోతుంది, ఇద్దరు ఉంటే బాగుంటుందని మేమే అడగాల్సి వచ్చింది.

నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ తగ్గిన ఒకటి ఫస్ట్ ఎయిడ్‌కీ, బయల్దేరే ముందు ఏదీ చెప్పకపోవడానికీ. వెళ్లదలుచుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, వానాకాలంలో జలగలూ జారుడూ, వేసవిలో ఎండు గడ్డికి నిప్పు భయం. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్తున్నారేమో ముందే అటవీ శాఖ వాళ్లని అడగండి. కాఫీ తోటలు ఒక్కొక్కరి కుటుంబ ఆస్తి, పళ్లు కోసే రోజుల్లో మరీ, అడక్కుండా మధ్యలోంచి నడవకండి. ఫుల్ ప్యాంటు, చేతులకి గ్లవ్స్, ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. గుండె జబ్బున్నవాళ్లు, చిన్నపిల్లలు వద్దు. కూలి ముందే మాట్లాడుకుని, దిగాక మధ్యవర్తులెవరూ లేకుండా ఆ మనిషి చేతికే ఇవ్వండి.