నిమ్హాన్సా, వీధి చివరి క్యాజువాలిటీనా?

బెంగళూరులో మనవాళ్ళెవరైనా ఉన్నట్టుండి పిచ్చిపిచ్చిగా మాట్లాడితే అందరికీ ముందు గుర్తొచ్చేది హోసూరు రోడ్డులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్. వారాల తరబడి అనుమానాలు, చెవిలో ఎవరో తిడుతున్నారనడం, చచ్చిపోతాననడం ఉండి, అయినా ఊరూ తేదీ సరిగ్గా చెబుతుంటే అక్కడికే వెళ్ళండి. 24 గంటలూ చూస్తారు.

పొద్దున బాగున్న పెద్దాయన సాయంత్రానికి కూతుర్ని గుర్తుపట్టకపోతే, గోడ మీద పురుగులంటే, కాసేపు తెలివిగా కాసేపు మగతగా ఉంటే మాత్రం డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల మెదడు ఉన్నట్టుండి తికమకపడటం, అనుమానించాలి. అప్పుడు దగ్గరి జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీయే (అత్యవసర విభాగమే) మేలు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కునే టైమ్ లేదు. అక్కడ మేము నర్సులం ముందు చేసేది మత్తు ఇంజెక్షన్ కాదు, వేలు గుచ్చి షుగర్ చూడటం. 70 కంటే తగ్గితే హైపో, అంటే షుగర్ మరీ పడిపోవడం. షుగర్ 40కి పడిపోయిన మనిషి తిడతాడు, తోస్తాడు, గ్లూకోజ్ ఎక్కాక "ఏమ్మా, నన్నెందుకు పట్టుకున్నారు?" అంటాడు. ఆపైన జ్వరం, ఆక్సిజన్, సోడియం చూస్తాం. రోజూ తాగేవాడు మానేసిన రెండు మూడు రోజులకి వణుకుతూ కలవరిస్తే థయామిన్ (విటమిన్ బి1) మరవకూడదు. "తాగున్నాడులే" అని మూల మంచంలో వదిలేయడమే నాకు భయం.

ఎటూ తేలకపోతే? క్యాజువాలిటీయే. దిగులు, నిద్రలేమి లాంటివైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.