లాస్ ఏంజిలెస్‌లో డిసెంబర్ రాత్రులు: ఒక పూట చుక్కలకు, ఒక పూట దీపాలకు

డిసెంబర్‌లో లాస్ ఏంజిలెస్ వెళ్లేవాళ్లు సెలవంతా డిస్నీల్యాండ్‌కీ, యూనివర్సల్ స్టూడియోకీ రాసిచ్చేయకండి. రెండు సాయంత్రాలు మిగుల్చుకోండి: ఒకటి చుక్కలు చూపించే గ్రిఫిత్ అబ్జర్వేటరీకి, ఇంకోటి నగరం పక్కనున్న ఆల్టడీనా ఊళ్లోని దీపాల వీధి క్రిస్మస్ ట్రీ లేన్‌కి. రెండిటికీ ప్రవేశ టికెట్ లేదు. 2024 డిసెంబర్‌లో అమ్మని తీసుకుని వెళ్లాం. ఇంటికొచ్చాక ఆవిడ అందరికీ చెప్పింది ఈ రెండిటి గురించే.

గ్రిఫిత్‌ని 1935లో తెరిచారు. సోమవారం సెలవు. పైన గోపురంలో 12 అంగుళాల కటకమున్న జైస్ కంపెనీ టెలిస్కోప్ ఉంది. మబ్బు లేని రాత్రి ఎవరైనా లైన్లో నిలబడి చూడొచ్చు. అంత వెలుతురున్న ఊళ్లో ఏం కనిపిస్తుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట: పాలపుంత కనిపించదు నిజమే, కానీ గ్రహాలకీ చందమామకీ ఊరి దీపాలు అడ్డం కావు. ఆ నెల సాయంత్రం పూట శని, ఆ తర్వాత గురుడు, రెండూ దొరికాయి. అమ్మ కన్ను పెట్టి చూసి, "ఏంట్రా, ఉంగరం అన్నావు, శనీశ్వరుడికి అడ్డంగా గీత గీసినట్టుందే" అంది. అక్కడున్నాయన ఓపిగ్గా వివరించాడు. ఆ వలయాలు మెల్లగా మనవైపు అంచు తిప్పుతున్నాయి, 2025 మార్చికల్లా పూర్తిగా పక్కకి తిరిగిపోతాయి, అందుకే అంత సన్నగా ఉన్నాయి అని. గురుడి మీద రెండు గోధుమరంగు పట్టీలు, పక్కన వరసగా చంద్రులు. మనకిచ్చే సమయం అర నిమిషమే. అయినా లైన్లో నిలబడ్డందుకు బాధ లేదు. లైను పెద్దదైతే మూసే వేళకి ముందే ఆపేస్తారు, చీకటి పడగానే వెళ్లి నిలబడటం మేలు. టెలిస్కోప్ దాకా మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట పచ్చికలో పెట్టే చిన్న టెలిస్కోపుల్లో చూడొచ్చు.

నెలకో శనివారం అక్కడే స్టార్ పార్టీ జరుగుతుంది. ఖగోళ సంఘాల వాళ్లు సొంత టెలిస్కోపులు మోసుకొచ్చి, దారిన పోయేవాళ్లని పిలిచి మరీ చూపిస్తారు. ఇలా వీధిలోకి టెలిస్కోప్ తెచ్చే ఉద్యమాన్ని 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు జాన్ డాబ్సన్. ఆయన అంతకుముందు 20 ఏళ్లకు పైగా వేదాంత సొసైటీలో రామకృష్ణ సంప్రదాయపు సన్యాసి. పాత ఓడ కిటికీ అద్దాలు అరగదీసి, అట్టగొట్టాలు పెట్టి, పెద్ద టెలిస్కోపులు చవగ్గా చేయడం నేర్పాడు. ఇవాళ ఇలాంటి జాతరల్లో కనిపించే చాలా టెలిస్కోపులు ఆ డిజైన్‌వే. మన ఊళ్ల పార్కుల్లోనూ నెలకోసారి ఎవరైనా ఇలా నిలబడితే ఎంత బాగుంటుంది!

కారుతో పైదాకా వెళ్తే పార్కింగ్‌కి మేం వెళ్లినప్పుడు గంటకు 10 డాలర్ల దాకా అయింది, సెలవుల్లో ఖాళీ దొరకడమూ కష్టం. వర్మాంట్/సన్‌సెట్ మెట్రో స్టేషన్ దగ్గర అబ్జర్వేటరీకి వెళ్లే డ్యాష్ బస్సు ఎక్కండి, టెన్షన్ ఉండదు.

ఆల్టడీనా సంగతి వేరు. క్రిస్మస్ ట్రీ లేన్ అంటే అక్కడి శాంటా రోసా అవెన్యూనే. దానికి రెండు పక్కలా మన హిమాలయాల దేవదారు చెట్లు. 1880ల్లో నాటినవి, ఇప్పుడు కొమ్మలు రోడ్డు మీద కలుసుకుంటాయి. 1920 నుంచి వాటికి రంగు బల్బులు కడుతున్నారు, అదీ ఊరి వలంటీర్లే. కిలోమీటరు పైచిలుకు దారి. కార్లు హెడ్‌లైట్లు ఆర్పి నత్తనడకన వెళ్తాయి. మీరు మాత్రం పక్క వీధిలో కారు పెట్టి నడవండి. కింద నిలబడి తలెత్తితేనే ఆ చెట్లెంత పెద్దవో తెలుస్తుంది.

ఆ ఊరికి పైనున్నదే మౌంట్ విల్సన్. అక్కడి 100 అంగుళాల టెలిస్కోప్‌తోనే 1920ల్లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ మన పాలపుంత బయట ఇంకా గెలాక్సీలున్నాయని తేల్చాడు. తర్వాత కింద నగరం పెరిగి, ఆకాశం వెలిసిపోయింది. ఏడాదిలో కొన్ని వారాలు వెలిగే ఈ బల్బుల్ని నేను తప్పుపట్టను. రాత్రంతా పైకి చిమ్మే వీధి దీపాలు, హోర్డింగుల సంగతే చూడాలి.

వుడ్‌ల్యాండ్ హిల్స్‌లో క్యాండీ కేన్ లేన్ అని ఇంకో దీపాల వీధి ఉంది. ఇక్కడ ఇంటింటి అలంకరణ, పిల్లలకి సంబరం. వారాంతంలో ట్రాఫిక్ మాత్రం భరించలేం. చిన్నపిల్లలు లేకపోతే వదిలేయొచ్చు.

బస హాలీవుడ్ పక్కన ఒక మోటెల్లో చేశాం. పార్కింగ్ ఉచితమని చెప్పి బిల్లులో వేశారు. ఈసారైతే పాసడీనాలోనే దిగుతాం: వీధులు ప్రశాంతం, ఆల్టడీనా పక్కనే, మెట్రో ఉంది.

మేం చూసొచ్చిన మరుసటి నెలలోనే, 2025 జనవరి 7న మొదలైన ఈటన్ కార్చిచ్చులో ఆల్టడీనాలో వేల ఇళ్లు కాలిపోయాయి. ఆ దేవదారు చెట్లు చాలావరకు బతికాయి. అటు వెళ్లేవాళ్లు దీపాలు చూసి కారెక్కేయకుండా, ఆ రాత్రి భోజనం ఆ ఊళ్లోని చిన్న హోటళ్లలోనే చేయండి.