కట్ చేసిందెవరో చెప్పే హోమర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

హోమర్ అంటే నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్ల కాల్స్ ఎలా సాగాయో దాచి, తర్వాత వెతికి చూపించే సాఫ్ట్‌వేర్. ముందే చెప్పేస్తాను. కాల్ ఎలా కలిసింది, ఎక్కడ తెగింది, ఎవరి వైపు నుంచి తెగింది అన్నది చూపించడంలో హోమర్ నాకు ఎప్పుడూ లోటు చేయలేదు. అవతలివాళ్లకు గొంతు ఎలా వినిపించిందన్నది మాత్రం అది తనంతట తాను చెప్పదు. మనం అందించిన లెక్కల మేరకే చెబుతుంది. ఈ తేడా తెలిసి పెట్టుకున్నవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

మా ఆఫీసు బెంగళూరు మారతహళ్లిలో. ఇక్కడ కూర్చుని తెలుగు ఏజెంట్లు నెల్లూరు, గుంటూరు, కర్నూలు వైపు కస్టమర్లతో రోజంతా మాట్లాడతారు. హిందూపురంలో చిన్న బ్రాంచ్ ఉంది. అన్నీ ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ మీద నడిచే ఐపీ ఫోన్లే. వాటిని చూసుకునే టీమ్‌లో నేనొకణ్ణి.

ఈ పనిలో అసలు ఇబ్బంది ఏమిటంటే, ఫిర్యాదు మన దగ్గరికి వచ్చేసరికి కాల్ అయిపోయి ఉంటుంది. "అన్నా, ఇందాక కస్టమర్ మాట సగమే వినిపించింది" అంటారు. నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ గొప్ప సాధనమే, ఆర్‌టీపీ (గొంతును మోసే ప్యాకెట్లు) తీసి వినడానికి ఇప్పటికీ దాన్నే తెరుస్తాను. కానీ ఆ సమయానికి క్యాప్చర్ నడుస్తూ ఉంటేనే దానితో పని. కాల్ సంకేతాలు చూపే ఎస్ఎన్‌గ్రెప్ కూడా అంతే, కళ్లముందు నడుస్తున్న కాల్‌కు చక్కగా సరిపోతుంది. హోమర్ దారి వేరు. ఫోన్ సర్వర్ తాను పంపిన, తనకు వచ్చిన ప్రతి సిప్ మెసేజ్ (కాల్ కలపడానికి, తెంచడానికి ఫోన్లు, సర్వర్లు పంపుకునే సంకేతం) నకలును హెప్ అనే ప్రోటోకాల్‌లో హోమర్‌కు పంపుతూనే ఉంటుంది. మామూలుగా 9060 పోర్టుకు. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్, కమైలియో, ఓపెన్‌సిప్స్ సర్వర్లలో ఈ సదుపాయం ఉంది. లేని చోట హెప్లిఫై అనే చిన్న ప్రోగ్రామ్ నెట్‌వర్క్ కార్డు దగ్గర పట్టుకుని పంపుతుంది. అవన్నీ డేటాబేస్‌లో పడి ఉంటాయి. "ఏ నంబరు, ఎన్నింటికి?" అని అడిగి వెతికితే, కాల్ మొత్తం కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ నుంచి ముగించే బై దాకా బాణాల బొమ్మగా వచ్చేస్తుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. సిప్‌ను టీఎల్ఎస్ అనే గుప్తలిపిలో పెడితే మధ్యలో కూర్చుని పట్టుకునే సాధనాలకు అర్థంకాని అక్షరాలే దొరుకుతాయి. ఇక్కడ నకలు పంపేది సర్వరే కాబట్టి, విప్పిన మెసేజే హోమర్‌కు చేరుతుంది.

నాకు దీని మీద గురి కుదిరింది హిందూపురం విషయంలో. అక్కడ కొన్ని ఫోన్లకు వచ్చిన కాల్స్ అర నిమిషం దాటగానే కట్ అయ్యేవి. రిపోర్టులో ఏజెంట్ వైపు నుంచి కట్ అయినట్టే ఉండేది. "మాట్లాడుతుండగానే మీ అమ్మాయి ఫోన్ పెట్టేసింది" అని కస్టమర్ల కోపం. సూపర్‌వైజర్ కూడా పాపం ఆ పిల్లలనే నిలదీసేవాడు. వాళ్లేమో "మేం ముట్టుకోలేదు సార్" అని ఏడుపు మొహంతో. హోమర్‌లో ఆ కాల్స్ తెరిస్తే అన్నింటిలో ఒకే బొమ్మ. ఏజెంట్ ఫోన్ ఎత్తగానే 200 ఓకే (కాల్ ఎత్తాననే జవాబు) వచ్చింది. సర్వర్ యాక్ (అందిందనే రసీదు) పంపింది. అయినా అర సెకనుకు మళ్లీ 200 ఓకే, ఆపై సెకను, రెండు, నాలుగు సెకన్ల ఎడంతో అదే. చివరికి 32 సెకన్ల దగ్గర ఫోన్ తనే బై పంపేసింది. ఆ 32 ఊరికే వచ్చిన అంకె కాదు. 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 అనే సిప్ ప్రమాణంలో అర సెకను టైమర్‌కు 64 రెట్లు గడువు పెట్టారు. అప్పటికీ యాక్ అందకపోతే కాల్‌ను ముగించేయాలి. ఇక యాక్ ఎటు పోతోందని చూస్తే, 200 ఓకేలోని కాంటాక్ట్ లైన్‌లో (తనకు ఎక్కడికి పంపాలో ఫోన్ చెప్పే చోట) పోర్ట్ నంబరు మారిపోయి ఉంది. బ్రాంచ్‌లోని రౌటర్‌లో సిప్ మెసేజ్‌లను సవరించే సిప్ ఏఎల్‌జీ ఆన్‌లో ఉండి, సాయం చేస్తున్నాననుకుని దాన్ని మార్చేస్తోంది. అది ఆఫ్ చేయగానే కాల్స్ నిలబడ్డాయి. ఆ బొమ్మ ప్రింట్ తీసి సూపర్‌వైజర్‌కు ఇచ్చాను. చేయని తప్పుకు ఎవరూ మాట పడకూడదు కదా. నా దృష్టిలో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు అసలు విలువ అక్కడే.

ఇక గొంతు సంగతి. హోమర్ మామూలుగా కాల్‌లోని మాటలను నిల్వ చేయదు. ఫోన్లు, సర్వర్లు ఒకదానికొకటి ఐదేసి సెకన్లకు అటూ ఇటూగా పంపుకునే ఆర్‌టీసీపీ నివేదికల నుంచి ప్యాకెట్ నష్టం, జిట్టర్ (ప్యాకెట్లు ఒకే ఎడంతో రాకపోవడం) గ్రాఫ్‌లు గీస్తుంది. సర్వర్ ఇచ్చే నివేదిక సర్వర్‌కు ఏం చేరిందో చెబుతుంది. ఏజెంట్ చెవికి ఏం చేరిందో ఏజెంట్ ఫోనే చెప్పాలి. కొన్ని సాఫ్ట్‌ఫోన్లు, కొన్ని ట్రంకులు (టెలికాం కంపెనీ నుంచి వచ్చే లైన్లు) ఆర్‌టీసీపీ పంపవు. అప్పుడు ఆ పక్క ఖాళీ. అలాగే ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ మామూలు ఆర్‌టీసీపీ లెక్కలో "అందింది" కిందే ఉంటుంది. ఫోన్ దాన్ని పారేసిందన్నది ఆర్‌టీసీపీ ఎక్స్ఆర్ అనే అదనపు నివేదిక ఉన్న ఫోన్లయితేనే తెలుస్తుంది. కొత్తగా ఫోన్లు కొనేవాళ్లు ఇది ముందే అడగండి.

కాల్ మొత్తానికి తీసిన సగటును నమ్మకండి అని గట్టిగా చెబుతాను. జీ.711 అనే గొంతు కోడింగ్ పద్ధతిలో మామూలుగా సెకనుకు 50 ప్యాకెట్లు. ఐదు నిమిషాల కాల్‌కు 15,000. ఒక్క శాతం పోయిందంటే 150, చూడ్డానికి ఏమీ లేదు. అవి అక్కడక్కడా పోతే చెవికి తెలియకపోవచ్చు. వరసగా పోతే మూడు సెకన్ల మాట మాయం. కస్టమర్ పాలసీ నంబరు చెప్పే మూడు సెకన్లు అవే అయితే కాల్ వృథా. సాయంత్రాల్లో మాకు జరిగింది ఇదే. ఎంఓఎస్ (గొంతు నాణ్యతకు ఐదు లోపు ఇచ్చే మార్కు) సగటు నాలుగు పైనే కనిపిస్తున్నా "మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి" అనే గోల. నివేదికల గ్రాఫ్‌ను విడదీసి చూస్తే నష్టమంతా గుంపులు గుంపులుగా ఉంది. ఆ వేళకే బ్రాంచ్ సీసీటీవీ ఫుటేజ్ అప్‌లోడ్ మొదలవుతోంది. ఆ పనిని రాత్రికి మార్చి, రౌటర్‌లో గొంతు ప్యాకెట్లకు ముందు వరస ఇచ్చాం.

విసిగించేవీ ఉన్నాయి. ఆస్టరిస్క్ లాంటి సర్వర్ మధ్యలో ఉంటే కస్టమర్ నుంచి సర్వర్‌కు ఒక కాల్, సర్వర్ నుంచి ఏజెంట్‌కు ఇంకో కాల్, రెండింటి కాల్ ఐడీలు వేరు. ఎక్స్-సీఐడీ అనే హెడర్‌లో మొదటి ఐడీని రెండో కాల్‌కు మనమే అంటించాలి, లేదంటే సగం కథే కనిపిస్తుంది. మొదటిసారి పెట్టేవాళ్లకు ఇది తలనొప్పి. సర్వర్ల గడియారాలు ఎన్‌టీపీ అనే సమయం సరిచేసే పద్ధతితో కలిసి లేకపోతే ప్రశ్న కంటే జవాబు ముందొచ్చినట్టు బాణాలు తారుమారవుతాయి. ఫోన్లు, సర్వర్లు తామున్నామని పదేపదే చెప్పుకునే రిజిస్టర్, ఆప్షన్స్ మెసేజ్‌లు డిస్క్ మింగేస్తాయి, వాటికి తక్కువ రోజులు, కాల్స్‌కు ఎక్కువ రోజులు గడువు పెట్టుకోవాలి.

టీమ్స్, జూమ్ మీటింగ్‌ల వీడియో హోమర్ పరిధిలోకి రాదు. టీమ్స్‌కు మైక్రోసాఫ్ట్ వాళ్ల కాల్ క్వాలిటీ డ్యాష్‌బోర్డే చూస్తాం. అక్కడ నేను మొదట చూసేది మీడియా (గొంతు, వీడియో) యూడీపీలో, అంటే పోయిన ప్యాకెట్ కోసం ఆగని పద్ధతిలో వెళ్తోందా అని. 3478 నుంచి 3481 వరకు పోర్టులు ఫైర్‌వాల్‌లో మూసి ఉంటే అది పోయిన ప్యాకెట్ కోసం ఆగే టీసీపీకి దిగిపోతుంది. తడబాటు అక్కడే మొదలవుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం పెట్టే రోజే తీసుకోండి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్నదంతా ఇందులో ఉంటుంది. పైగా ఫోన్‌లో నొక్కిన అంకెలు సిప్ ఇన్ఫో పద్ధతిలో వెళ్తుంటే, కస్టమర్ నొక్కిన పిన్ కూడా ఉన్నదున్నట్టు హోమర్‌లో చదవొచ్చు. ఈ అంకెల సంకేతాలను (డీటీఎంఎఫ్) ఆర్ఎఫ్‌సీ 4733 పద్ధతికి మార్చండి, అప్పుడవి ఆర్‌టీపీలో వెళ్తాయి. ఇన్‌స్టాల్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను అప్పుడే మార్చేసి, వెతికే అనుమతి ఎవరికివ్వాలో పేరుపేరునా తేల్చుకున్నాకే ట్రాఫిక్ పంపడం మొదలుపెట్టండి.