మావయ్య పట్టుచీరల కొట్టు స్టాకు ప్రోగ్రాంని 32 బిట్‌కి మార్చా: డీజేజీపీపీ కంపైలర్ ఎలా ఉందంటే

బరంపురంలో మా మావయ్యకి పట్టుచీరల కొట్టు ఉంది, స్టాకు లెక్కంతా ఎప్పుడో టర్బో సీలో (డాస్ కాలం నాటి 16 బిట్ సీ కంపైలర్) రాయించిన ప్రోగ్రాంలోనే, దాన్ని వదిలెయ్యమంటే ఆయన అస్సలు ఒప్పుకోడు. చీరలు ఐదువేలు దాటేసరికి కొత్తవి ఎక్కడం మానేశాయి. ఒక్కో రికార్డు 13 బైట్లు, అర్రే (రికార్డులన్నీ వరసగా ఉండే పట్టిక) మొత్తం ఒకే సెగ్మెంట్‌లో, అంటే 16 బిట్ ప్రోగ్రాం మెమరీని విడగొట్టి చూసే ముక్కలో పట్టాలి, దాని హద్దు 64 కేబీ, భాగించి చూడండి 5041 దగ్గర ఆగిపోద్ది. "ఏదో ఒకటి చెయ్యరా, దసరా సరుకు దిగిపోతోంది" అన్నాడు, సరే అని డాస్‌కి 32 బిట్ ప్రోగ్రాంలు తయారుచేసే డీజేజీపీపీ పట్టుకున్నా.

ఉచితం, 1989లో డీజే డెలోరీ మొదలుపెట్టింది, లోపలున్నది జీసీసీ అనే పేరున్న ఉచిత కంపైలరే, టర్బో సీలో స్క్రీన్, కీబోర్డు పనులకి వాడే కోనియో ఫంక్షన్లు కూడా ఉన్నాయి కాబట్టి చాలా కోడు ముట్టుకోకుండానే కంపైల్ అయిపోయింది. వేరే సెగ్మెంట్‌ని చూపించే పాయింటర్లకి టర్బో సీలో పెట్టే ఫార్ అనే మాట దానికి తెలీదు, అవన్నీ తీసేశా, పనైపోయిందనుకున్నా. కాలేదు. స్క్రీన్ మీద నేరుగా రాసే పాయింటర్ ఒకటి బి8000000 అని ఉంది (ఈ అడ్రసులన్నీ హెక్సాలో, అంటే 16 ఆధారంగా రాసే అంకెల్లో), పాత కంపైలర్ దాన్ని సెగ్మెంట్ బి800, ఆఫ్‌సెట్ సున్నా అని తీసుకుంటుంది, సెగ్మెంట్‌ని 16తో గుణిస్తే అసలు చోటు బి8000. 32 బిట్‌లో అదే అంకె మొత్తం ఒకే అడ్రసు, ఎక్కడో మూడు జీబీకి దగ్గర్లో, నడపగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. నాకు బాగా నచ్చింది ఇక్కడే, ఊరికే హ్యాంగ్ అవ్వకుండా రిజిస్టర్లు చూపించి ఆగింది, దాంతోపాటు వచ్చే సిమిఫై అనే చిన్న ప్రోగ్రాం నడిపితే కోడులో ఏ లైనో కూడా చెప్పింది. అలాగని బి8000 అని మార్చేస్తే చాలదు, ప్రోగ్రాం డేటా సెగ్మెంట్ సున్నా నుంచి మొదలవ్వదు కదా, ఫార్‌పోక్ ఫంక్షన్‌కి డాస్ సెలెక్టర్ (డాస్ మెమరీని చూపించే గుర్తు అంకె) ఇచ్చి రాయాలి.

అసలు భయపెట్టింది డేటా ఫైలు. చీర కోడు 7 బైట్లు, నిల్వకి ఇంట్ 2, ధరకి లాంగ్ 4. కొత్తదాంట్లో ఇంట్ 4 అయ్యింది, దానిముందు ఒక ఖాళీ బైటు వచ్చి చేరింది, మొత్తం 16. మొదటి చీర కోడు బాగానే కనిపించింది గానీ నిల్వ తప్పు, రెండోదానికి కోడు కూడా చెత్తే. ఇంట్‌ని షార్ట్ చేసి స్ట్రక్చర్‌కి ప్యాక్డ్ (మధ్యలో ఖాళీ బైట్లు వద్దని చెప్పే మాట) పెట్టాక మళ్ళీ 13కి వచ్చింది. ఫైలు కాపీ ముందే తీసి పెట్టుకోండి బాబూ, తప్పు సైజుతో ఒక్కసారి సేవ్ అయితే ఏళ్ళ లెక్క పోతుంది.

కొట్టులో ఉన్నది 64 బిట్ విండోస్, అది డాస్ ప్రోగ్రాంలని నేరుగా నడపదు, అందుకే పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్‌లో నడుపుతున్నాం, 32 బిట్ ప్రోగ్రాంకి డాస్‌లో మెమరీ అందించే సీడబ్ల్యూఎస్‌డీపీఎమ్ఐ ఫైలు పక్కనే పెట్టకపోతే ప్రోగ్రాం మొదలే అవ్వదు, అది మర్చిపోకండి. నిన్న 5042వ చీర మావయ్యే స్వయంగా ఎక్కించాడు, కుంభం అంచు మెరూన్ పట్టు.